రబ్బరు గొట్టం పక్కన మూరెడు తీగ

పాపికొండలకు వెళ్లే లాంచీ ఎక్కినవాళ్లకు కొండలు చూడడానికే కళ్లు చాలవు. గండిపోచమ్మ రేవులో మరమ్మతుకు కట్టేసిన లాంచీలో నన్ను నిలబెట్టేసింది మాత్రం మూరెడు తీగ. డెక్కు మీద డీజిల్ పోసే ఇత్తడి మూతి నుంచి కింది ట్యాంకు దాకా రబ్బరు గొట్టం, దాని వెంటే ఆకుపచ్చ తీగ. ట్యాంకు నుంచి అలాంటిదే ఇంకొకటి ఇంజనుకు వెళ్లింది.

గొట్టంలో పారే ఇంధనం రాపిడికి విద్యుదావేశం పోగేసుకుంటుంది. రబ్బరు దాన్ని సాగనివ్వదు. పైన మూతికీ కింద ట్యాంకుకీ పొత్తు లేకపోతే, ఎక్కడో ఒకచోట చిన్న నిప్పురవ్వ పుట్టొచ్చు. తీగ ఉంటే ఆ ఆవేశం పోగయ్యేలోపే ఇంజనులోకి, అక్కణ్ణించి ప్రొపెల్లర్ ఇరుసు మీదుగా గోదాట్లోకి జారిపోతుంది. డీజిలే కదా, అంత తొందరగా అంటుకోదు అంటారు. మన ప్రమాణం ప్రకారం బండ్ల డీజిల్ ఫ్లాష్ పాయింటు, అంటే మండే ఆవిరి వదలడం మొదలయ్యే వేడి, 35 డిగ్రీలున్నా చాలు. మే నెల మధ్యాహ్నం ఇంజను గది అంతకు మించే కాగుతుంది. పెట్రోలైతే సున్నాకు దాదాపు 40 డిగ్రీల కిందే మండే ఆవిరి వదులుతుంది. అందుకే పెట్రోలు ఇంజను లోపల బిగించిన పడవల్లో, ఇంధనం పోసే ఏర్పాటులోనూ ట్యాంకులోనూ ఇంధనం తగిలే ప్రతి లోహపు భాగానికీ ఎర్తుకీ మధ్య నిరోధం 100 ఓమ్‌ల లోపే ఉండాలని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన.

ఇక ఆ తీగలు బిగించిన మెకానిక్ పనితనం. ముందు గరుకు కాగితంతో ట్యాంకు చెవి మీది రంగంతా గీకాడు, రూపాయి బిళ్లంత మేర ఇనుము తళతళలాడేదాకా. “తీగెయ్యడం ఎంతసేపండీ, రంగు గీకడమే పని,” అన్నాడు. నిజమే. రంగు మీద బిగించిన బోల్టు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. ఇంజను అదురుకు ఒంటి తీగ తెగుతుందని సన్నపోగుల తీగ తీసుకున్నాడు. కొసకు తగరం పూత లగ్గు వేసి నొక్కాడు, దాని కింద పళ్లున్న వాషరు పెట్టాడు. బిగించాక పైన గ్రీజు రాశాడు, తడి సోకకుండా. నాకు బాగా నచ్చింది ఇంకొకటి: తీగ కొసను గొట్టం క్లిప్పు కింద దూర్చలేదు. చాలామంది చేసే తప్పు అదే. గొట్టానికీ పైపుకీ మధ్య తీగ ఇరుక్కుంటే ఆ సందులోంచే డీజిల్ కారుతుంది.

మీటరు ముల్లు ఒకటి ఇత్తడి మూతికి, ఇంకొకటి ఇంజనుకు ఆనించాడు. నిరోధం సున్నా దగ్గరే నిలిచింది. అయినా తీగను గట్టిగా ఊపి మళ్లీ చూశాడు.

సాయంత్రం సరంగు క్యానుతో డీజిల్ పోశాడు. క్యాను ఖాళీ అయ్యేదాకా రేకు గరాటును ఇత్తడి మూతికి ఆనించి, కదలనివ్వకుండా పట్టుకునే ఉన్నాడు.