చెవిని కొలుచు హెడ్‌ఫోనులు

కళ్లజోడు ఎవరిది వారికే సరిపోవును గదా, హెడ్‌ఫోను మాత్రము అందరికీ ఒక్కటే ఎందుకుండవలెను? ఈ ప్రశ్నతోనే ఆస్ట్రేలియాలో మెల్‌బోర్ను నగరపు నూరా సంస్థ 2017లో నూరాఫోనును వెలువరించినది. ఇది ధరించినవారి చెవిని తానే పరీక్షించి, ధ్వనిని దానికి తగినట్లు సవరించును. 2023లో మసిమో సంస్థ నూరాను కొన్నది. ఆ యేడే ఈ పద్ధతి డెనాన్ పెర్ల్ అను పేరుతో అంగడికి వచ్చినది. ఇందులోని శాస్త్రము మెచ్చదగినది. దానిపై కట్టిన వాదమే పరిశీలింపవలసి యున్నది.

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనియున్న కర్ణావర్తములో రెండు తెగల రోమకణములు కలవు. లోపలి వరుసలోనివి సుమారు 3,500; ఇవి వార్తను మెదడుకు పంపును. వెలుపలి వరుసలలోనివి సుమారు 12,000. ఇవి ధ్వనితోబాటు తామును సాగి ముడుచుకొని, సన్నని ధ్వనులకు బలము చేకూర్చును. చెవిలో ఇట్టి చురుకైన యంత్రాంగము ఉండవలెనని 1948లోనే థామస్ గోల్డ్ వాదించెను. ముప్పది యేండ్లకు, 1978లో, లండనులో డేవిడ్ కెంప్ చెవిలోనికి టిక్కుమను ధ్వనిని పంపి, కొన్ని మిల్లీసెకనుల తరువాత చెవినుండి వెలువడిన అతి సన్నని ధ్వనిని మైక్రోఫోనుతో పట్టుకొనెను. మాటలు రాని పసిబిడ్డల వినికిడిని ఆసుపత్రులలో నేడు ఈ విధముగా పరీక్షించుచున్నారు. నూరాఫోనుకును ఆధారమిదే. వినువారు మీట నొక్కనక్కరలేదు, "వినబడినది" అని చెప్పనక్కరలేదు.

చిక్కు ఎక్కడ? వెలుపలి కణములు దెబ్బతిన్నచో ఈ ధ్వని క్షీణించును. వినికిడి లోపము సుమారు 30, 40 డెసిబెల్లులు దాటినప్పుడు సాధారణముగా మాయమగును. అనగా సవరణ ఎవరికి ఎక్కువ అవసరమో, వారి చెవియే ఈ పరీక్షకు జవాబు చెప్పదు!

మిగిలినవారి మాటేమి? ఒక శ్రోతకు 4,000 హెర్ట్జ్ ప్రాంతపు ధ్వనులు కొంచెము తక్కువగా వినబడుననుకొందము. వీణ కచేరిలో మొదటి వరుసలో కూర్చున్నను ఆయనకు అట్లే వినబడును. ఆయన ఎరిగిన వీణానాదము అదే. హెడ్‌ఫోను ఆ లోటును పూరించినచో, అది ఆయన ఎరిగిన వీణకు దగ్గరగుటకు బదులు దూరమగును. కళ్లజోడు పోలిక ఇక్కడనే చెడుచున్నది. జోడును పెట్టుకొని లోకమంతా చూతుము, హెడ్‌ఫోనుతో పాట మాత్రమే విందుము.

ఐతే ఒక సవరణ నిశ్చయముగా న్యాయమైనది. చెవినాళము సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవున, కర్ణభేరివద్ద మూయబడిన గొట్టము. ధ్వని వేగము సెకనుకు 343 మీటర్లు. దానిని నాళము పొడవునకు నాలుగు రెట్లైన 0.1 మీటరుతో భాగించినచో అనునాద పౌనఃపున్యము సుమారు 3,400 హెర్ట్జ్ వచ్చును. ప్రయోగశాలలో అనునాద నాళముతో కుస్తీపట్టిన విద్యార్థికి ఈ లెక్క కొత్తగాదు. చెవిలో దూర్చుకొను హెడ్‌ఫోను ఈ గొట్టపు రెండవ కొననుగూడ మూసి, సహజమైన అనునాదమును చెరుపును. ఒక్కొక్కరి నాళము ఒక్కొక్క తీరు గనుక ఈ నష్టమును మైక్రోఫోనుతో కొలిచి సరిదిద్దుట సబబే. సాధనము తాను చెరిపినదానిని తాను దిద్దవచ్చును. శ్రోత పుట్టినది మొదలు వినుచున్న తీరును దిద్దుట వేరు పని.

"సవరించినదే బాగున్నది" అను సాక్ష్యమునుగూడ తొందరపడి నమ్మరాదు. రెండు ధ్వనులలో కొంచెము గట్టిగా ఉన్నదే మనకు మేలుగా తోచును. రెంటి గట్టితనమును సమము చేసి, ఏది ఏదో చెప్పకుండ ఇంకొకరిచేత మార్పించి వినవలెను. హెడ్‌ఫోను దొరికిన పాఠశాలలో ఇది చక్కని ప్రయోగము.

2024 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2లో పనిచేయు వినికిడి సహాయక సాఫ్ట్‌వేరుకు అనుమతి నిచ్చినది. స్వల్పముగనో, మధ్యస్థముగనో లోపమున్నట్లు తోచిన, 18 ఏండ్లు నిండినవారి కొరకిది. అందులోని పరీక్ష పాతదే: సన్నని ధ్వని వినబడినప్పుడెల్ల మనమే తెలుపవలెను. దీనికి కొత్తదనపు మెరుపు తక్కువ, కాని సవరణ ఎదుటివారి మాటకు వర్తించును. పనికి వచ్చినదో లేదో భోజనాలవద్ద కూర్చున్న ఇంటివారే చెప్పగలరు.