పరిగె గింజలు

మా ఇంట్లో వీసీడీ ప్లేయరు కొన్న కొత్తలో ఒక్కో సినిమా రెండు డిస్కుల్లో ఉండేది. మొదటిది అయిపోయి నాన్న రెండోది పెట్టేలోపు అమ్మ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద పప్పు చూసి వచ్చేది. ఆమె వచ్చేసరికి కథ ముందుకు వెళ్ళిపోయి ఉండేది. ఏమైందని అడిగితే మాలో ఎవరో ఒకరం రెండు ముక్కల్లో చెప్పేవాళ్ళం. అమ్మ కోసం వెనక్కి తిప్పి చూపించిన గుర్తు నాకు లేదు.

ఆ డిస్కుల్లో సినిమా తప్ప ఇంకేమీ ఉండేది కాదు. సినిమాతో పాటు 'బోనస్' అని కొన్ని అదనపు అంశాలు ఉంటాయని, అవి చూడటానికి మెనూలో వేరే గది ఉంటుందని నాకు తెలిసింది పిహెచ్‌.డి. చేస్తున్న రోజుల్లో, డీవీడీలు చేతికొచ్చాక. అప్పటినుంచి ముందు ఆ గదిలోకే దూరడం అలవాటైంది. "భోజనానికి పిలిస్తే వంటింట్లోకెళ్ళి మూతలు తీసి చూసే రకానివి నువ్వు" అని నా హాస్టల్ స్నేహితురాలు నవ్వేది. నిజమే. వడ్డించిన విస్తరి ఎంత బాగున్నా, లోపల ఎవరు ఏం చేస్తున్నారో చూడాలనిపిస్తుంది నాకు.

అయితే ఆ గదిలో దొరికేదంతా విలువైనదేం కాదు. చాలా 'మేకింగ్' వీడియోలు సినిమాకు మరో పోస్టరులా ఉంటాయి. దర్శకుడు తన ఆలోచనల గురించి, కెమెరామన్ లెన్సుల గురించి, హీరో తను పడ్డ కష్టాల గురించి చెప్తారు. హీరోయిన్ వంతు వచ్చేసరికి బట్టల గురించో, యూనిట్ అంతా తనను ఎంత బాగా చూసుకున్నదో చెప్పమంటారు. పని గురించి మాట్లాడే హక్కు మగవాళ్ళది, కృతజ్ఞతలు చెప్పే బాధ్యత ఆడవాళ్ళది. తెర మీద ఉన్న పితృస్వామ్యం తెర వెనుక మాత్రం ఎందుకు ఉండదు? ఈ నియమాన్ని తప్పించిన కొన్ని బోనస్‌లు నాకు ఎందుకు ఇష్టమో చెప్పడానికే ఈ వ్యాసం.

మొదటిది షాంటాల్ అకర్‌మాన్ 'జాన్ దీల్మన్' (1975) డిస్కులోది. బ్రస్సెల్స్‌లో కొడుకుతో ఉండే ఒక వితంతువు మూడు రోజుల జీవితం ఈ సినిమా. 201 నిమిషాల పాటు ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తుంది, గిన్నెలు కడుగుతుంది, పక్క సర్దుతుంది, మధ్యాహ్నం పూట ఇంటికొచ్చే విటుల్తో గడిపి ఆ డబ్బుతో ఇల్లు నడుపుతుంది. ఇంటిచాకిరీకి పట్టే కాలాన్ని కత్తిరించకుండా చూపించడమే ఆ సినిమా చేసిన సాహసం. 2022లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల ఓటింగులో ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమాగా మొదటి స్థానంలో నిలిచింది.

2009లో క్రైటీరియన్ వాళ్ళు తెచ్చిన డిస్కులో గంటకు పైగా సాగే ఒక వీడియో ఉంది. నాయిక పాత్రధారి దెల్ఫీన్ సెరిగ్ సహచరుడు, నటుడు సామీ ఫ్రే షూటింగ్ జరుగుతుండగా తీసినది. అందులో అకర్‌మాన్ వయసు పాతికలోపు. సెరిగ్ అప్పటికే పేరున్న నటి. ఒక చిన్న కదలిక గురించి కూడా ఇదెందుకు, ఇప్పుడు ఈమె ఏమనుకుంటూ ఉంటుంది అని సెరిగ్ అడుగుతుంది. ఆ పిల్ల దర్శకురాలికి తనకేం కావాలో తెలుసు, కారణం చెప్పడానికి మాత్రం మాటలు వెతుక్కుంటుంది. ఇద్దరూ వాదించుకుంటారు. ఎవరూ ఎవరినీ పొగడరు. యూనిట్‌లో అధికభాగం ఆడవాళ్ళే. ఇంటిపనిని 'అలవాటుగా చేసేది' అనుకునే మనకు, ఆ అలవాటును తెర మీద కట్టడానికి ఇద్దరు తెలివైన స్త్రీలు ఎంత ఆలోచించాల్సి వచ్చిందో ఈ వీడియో చూపిస్తుంది. అది చూశాక సినిమాలో ఆమె దుంప చెక్కే తీరు నాకు వేరేగా కనిపించింది.

అదే డిస్కులో అకర్‌మాన్ తల్లి నతాలియాతో ఇంటర్వ్యూ ఉంది. ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డ మనిషి ఆమె. చిన్నప్పుడు తన చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఇంటిపని చేస్తుంటే చూసిన చూపులోంచే ఈ సినిమా వచ్చిందని అకర్‌మాన్ చెప్పుకుంది. ఆ ఆడవాళ్ళలో ఒకరు కెమెరా ముందు కూర్చుని మాట్లాడితే, 'ప్రేరణ' అనే పెద్దమాట వెనక ఒక ముఖం కనిపిస్తుంది. అకర్‌మాన్ మొదటి చిన్న సినిమా 'సోత్ మా విల్' కూడా అందులోనే పెట్టారు. వంటింట్లో పని తలకిందులు చేసి చివరికి ఆ వంటింటినే పేల్చేసే అమ్మాయి కథ. 1968లో తీసింది, తన పద్దెనిమిదో ఏట.

1968 అనగానే నా మనసు మద్రాసు వైపు మళ్ళుతుంది. అదే సంవత్సరం సావిత్రి 'చిన్నారి పాపలు' సినిమాకు దర్శకత్వం వహించింది. సంగీతం పి. లీల. మరికొన్ని ముఖ్యమైన శాఖలను కూడా స్త్రీలే నడిపారు. బ్రస్సెల్స్‌లో ఆడవాళ్ళ యూనిట్ ఏర్పడటానికి ఏడేళ్ళ ముందే మన దగ్గర జరిగిన ప్రయత్నమిది. ఆ సెట్లో సావిత్రి షాట్ ఎలా చెప్పిందో, లీల ట్యూన్ ఎలా వినిపించిందో, ఎక్కడ వాదించుకున్నారో చూపించే డిస్కు మన అరల్లో లేదు. సావిత్రి అనగానే మనం చెప్పుకునేది ఆమె కళ్ళ గురించి, ప్రేమ గురించి, పతనం గురించి. ఆమె పని గురించి మాట్లాడుకోవడం రాదు మనకు. అది దాచిపెట్టిన గది లేకపోవడం కూడా దానికి ఒక కారణం.

రెండో పేరు ఆన్యేస్ వార్దా (1928-2019). బోనస్‌ను ఒక ప్రక్రియగా పెంచిన మనిషి అంటాను ఈమెను. తన పాత సినిమాలు డిస్కులుగా వస్తున్నప్పుడు వాటికోసం తనే కెమెరా పట్టుకుని కొత్తగా చిన్న చిన్న చిత్రాలు తీసింది. లాటిన్ బహువచనం పెట్టి సరదాగా వీటిని 'బోనీ' అనేది. మన బోణీకీ దానికీ చుట్టరికం లేకపోయినా నాకు ఆ పలుకు నచ్చింది. అయిపోయిందనుకున్న సినిమాకు మళ్ళీ తొలిబేరం కదా అది.

'ల బొన్యోర్' (1965) వార్దా సినిమాల్లో చాలామంది స్త్రీవాదుల్ని ఇబ్బంది పెట్టినది. భార్యాపిల్లలతో సుఖంగా ఉన్న ఒక వడ్రంగి మరొకామెను ప్రేమిస్తాడు. తన సంతోషం రెట్టింపైందని భార్యకు చెప్తాడు. ఆమె నీళ్ళలో మునిగి చనిపోతుంది. కొన్నాళ్ళకు ఆ ఇంట్లో, ఆ పిల్లల మధ్య, అవే పనులు చేస్తూ రెండో ఆమె కనిపిస్తుంది. చేతులు మారాయి, చాకిరీ మారలేదు. ఇది మగవాడి సుఖానికి సమర్థనా, వెక్కిరింపా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. భార్యగా వేసిన క్లైర్ ద్రువో నిజజీవితంలో ఆ కథానాయకుడి భార్యే, ఆ పిల్లలు వాళ్ళ పిల్లలే. నలభై ఏళ్ళ తర్వాత, 2006లో, వార్దా ఆ ఇద్దరు నటీమణుల్నీ కూర్చోబెట్టి మాట్లాడించింది. కథ ప్రకారం ఒకరు పోతేనే మరొకరికి చోటు. బోనస్‌లో మాత్రం ఇద్దరికీ చోటుంది. వయసు మళ్ళిన ఆ ఇద్దరినీ పక్కపక్కన చూడటమే ఆ సినిమాకు నేను చూసిన మంచి విమర్శ.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'లె గ్లనోర్ ఎ ల గ్లనోజ్' (2000). ఆ పేరును ఇంగ్లీషులో చదివినప్పుడు ఏదో కొత్త మాటలా అనిపించింది కానీ మనకు పాతమాటే. పరిగె ఏరుకోవడం. కోతలయ్యాక చేలో రాలిన కంకుల్ని, గింజల్ని పేదవాళ్ళు ఏరుకోవడం. డెబ్బై దాటిన వయసులో చిన్న డిజిటల్ కెమెరా పట్టుకుని వార్దా ఫ్రాన్సు అంతా తిరిగింది. సైజు సరిపోలేదని, ఆకారం బాగోలేదని పొలాల్లో కుమ్మరించిన బంగాళాదుంపల్ని, వాటిని సంచుల్లో నింపుకునేవాళ్ళను, సంత ముగిశాక మిగిలిన కూరగాయలు తినేవాళ్ళను చూపించింది. హృదయాకారంలో ఉన్న దుంపల్ని ఇంటికి తెచ్చుకుంది. ముడతలు పడ్డ తన చేతుల్ని తనే తీసుకుంది.

మన పురాణాల్లో ఇదే పనికి గొప్ప పేరుంది. భారతంలో అశ్వమేధ పర్వంలో సక్తుప్రస్థుడు ఏరుకున్న గింజలతోనే బతికాడు. ఆయన చేసిన అతిథి పూజ ముందు ధర్మరాజు యజ్ఞం చాలదని ముంగిస చెప్పింది. బ్రాహ్మణుడు ఏరుకుంటే అది ఉంఛవృత్తి, పుణ్యం. మాలమాదిగ స్త్రీ ఏరుకుంటే పరిగె, ఆసామి దయ. గింజ ఒకటే, వంగే నడుము ఒకటే.

వార్దా సినిమా అక్కడితో అయిపోలేదు. 2002లో 'దు జాన్ అప్రే', అంటే 'రెండేళ్ళ తర్వాత' అనే మరో చిత్రం తీసి, అదే డిస్కులో చేర్చింది. మొదటి సినిమా చూసి ప్రేక్షకులు రాసిన ఉత్తరాలు, పంపిన కానుకలు అందులో ఉన్నాయి. తను చిత్రించిన మనుషుల దగ్గరకు ఆమె మళ్ళీ వెళ్తుంది. సంత మిగుళ్ళు తింటూ, సాయంత్రాలు వలస వచ్చినవాళ్ళకు ఉచితంగా ఫ్రెంచి నేర్పే అలాన్ అనే ఆయన్ని కలుస్తుంది. సినిమా బాగుంది గానీ నిన్ను నువ్వు తీసుకున్న భాగాలు అనవసరం అని ఆయన ఆమె ముఖానే చెప్తాడు. వార్దా దాన్ని కత్తిరించలేదు. ఇంకొకరు చెప్పాకే ఆమెకు మరో సంగతి తెలుస్తుంది. చావుకు దగ్గరవుతున్న భర్త జాక్ దెమీ చర్మాన్ని, జుట్టును 'జాకో ద నాంత్' (1991) కోసం ఎలా దగ్గరగా తీసిందో, తన చేతుల్ని కూడా అలాగే తీసింది. తన సినిమాలో తనకు కనిపించనిది ఇతరులు ఏరి చేతిలో పెట్టారు.

ఈ బోనస్ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం నా సిద్ధాంత గ్రంథం.

నేను పని చేసింది నల్గొండ జిల్లా నాట్ల పాటల మీద. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక అవ్వ దగ్గర ఎక్కువ పాటలు రికార్డు చేసుకున్నాను. ఆమె ఒక పాట మధ్యలో ఆగిపోయి, బాలింతగా పదకొండో రోజునే నాట్లకు వచ్చానని చెప్పింది. గట్టు మీది చెట్టుకు ఉయ్యాల కట్టానని, బిడ్డ ఏడుపు వినపడితే పాలు చేపి రవిక తడిసేదని, నాటు ముగిసేదాకా గట్టెక్కనిచ్చేవాళ్ళు కారని చెప్పింది. తర్వాత ఆపిన చోటునుంచే పాట అందుకుంది. గ్రంథంలో నేను పాట రాశాను. ఆ మాటలు రాయలేదు. పాఠ పరిష్కరణ అంటే అదేనని నేర్చుకున్నాను. ప్రక్షిప్తాల్ని ఏరి పారేసినట్టు ఆమె బతుకును ఏరి పారేసి, పాటను 'శుద్ధంగా' అచ్చువేయించాను. పట్టా వచ్చింది. మళ్ళీ ఆ ఊరికి వెళ్ళలేదు. వార్దా రెండేళ్ళకు వెళ్ళింది. నాకు ఆరేళ్ళు పట్టింది.

వెళ్ళి, ఆమె ముందు కూర్చుని ఆ అధ్యాయం చదివి వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా వింది.

"పాట నాదే బిడ్డా. మంచిగ రాసినవ్. కని నడిమిట్ల ఆపి చెప్పిన గద, అదేడ వోయింది?"

నా దగ్గర జవాబు లేదు. టేపు ఉందని మాత్రం చెప్పాను.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఆడవాళ్ళ మాటను, పేదవాళ్ళ విమర్శను బోనస్‌లో పెట్టడమంటే మళ్ళీ వసారాలో కూర్చోబెట్టడమే కదా, అసలు సినిమా అలాగే ఉంది కదా అని. ఈ ప్రశ్నను నేను కొట్టెయ్యను. అలాన్ ఆ మాట అన్నాక కూడా మొదటి చిత్రంలో వార్దా చేతులు అక్కడే ఉన్నాయి. కానీ ఆమె ఆయన మాటను తన పేరుతోనే, తన చిత్రం పక్కనే పెట్టింది. ఒకటి చూసినవాళ్ళు రెండోది చూడకుండా ఉండటం కష్టం. వసారా తలుపు ఇంట్లోకి తెరుచుకుంటే నడిల్లు కూడా మారుతుంది.

ఇప్పుడు డిస్కులు కొనేవాళ్ళు తగ్గారు. పోస్టులో డీవీడీలు పంపడంతో మొదలైన నెట్‌ఫ్లిక్స్ 2023లో ఆ పని మానేసింది. ఎక్కువ చోట్ల సినిమా ఒక్కటే వస్తుంది, బోనస్ రాదు. అది కూడా అయిపోతూనే పనిచేసిన వాళ్ళ పేర్లు మూలకు కుంచించుకుపోయి తర్వాతి సినిమా మొదలవుతుంది. పొలం కోసిన మిషను గింజ కూడా వదలకుండా పోయినట్టు ఉంటుంది. ఏరుకోవడానికి ఏమీ మిగలని పొలాన్ని చూసి సమృద్ధి అనుకోవడం మనకు అలవాటవుతోంది.

నా గ్రంథం పుస్తకంగా రాబోతోంది. ఆ పాటను రెండుసార్లు అచ్చువేస్తే బాగుంటుందేమో, అనుబంధంలో ఆమె మాటలు పెడితే సరిపోతుందేమో అని చాలా ఆలోచించాను. చివరికి ఒక్కసారే వేస్తున్నాను, ఆమె పాడినట్టే. మూడో చరణం సగంలో పాట ఆగుతుంది. పాలు చేపిన సంగతి, గట్టెక్కనివ్వని సంగతి వస్తాయి. తర్వాత పాట మళ్ళీ మొదలవుతుంది. అచ్చయ్యాక తీసుకెళ్ళి ఆమెకు చదివి వినిపించాలి. అప్పుడు ఇంకేం పోయిందంటుందో చూడాలి.