ఏడు గోల్సేనా?

ఈ వారం మా మేనల్లుడు ఫోన్‌లో బెలారస్ ఫుట్‌బాల్ ఆటగాడు అలెగ్జాండర్ హ్లెబ్ లెక్కలు తీసి, "ఆర్సెనల్‌కి 89 లీగ్ మ్యాచ్‌లు ఆడి 7 గోల్సేనా మావయ్యా? ఇతని గురించేనా అంతలా చెప్తావ్?" అన్నాడు. మనసు చివుక్కుమంది. ఆటగాణ్ణి గోల్స్‌తో తూచడం నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే.

వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని పాత మ్యాచ్ పెట్టాను. బంతి హ్లెబ్ కాళ్ల దగ్గరికి వచ్చింది. ఇద్దరు మీదికి వచ్చారు. అతను పరుగెత్తలేదు. భుజాలు కాస్త వంచి, కాలి అంచుతో బంతిని చిన్నగా తోస్తూ వాళ్లను దగ్గరికి రానిచ్చాడు. నడుము ఒకవైపు తిప్పాడు, బంతిని ఇంకోవైపు తీశాడు. వాళ్లిద్దరూ ఒరిగిన మరుక్షణం, వాళ్లు వదిలిన ఖాళీలోంచి పాస్ వెళ్లిపోయింది. చిన్నప్పుడు మిన్స్క్‌లో ఈత, జిమ్నాస్టిక్స్ నేర్చిన ఒళ్లు అది. గోల్ కొట్టినవాడి పేరు తెర మీద పడుతుంది. ఆ ఖాళీని పుట్టించినవాడి పేరు పడదు.

మావాడు ఇంకోసారి పెట్టమన్నాడు.

తర్వాత ఏమయ్యాడని అడిగాడు. 2008లో ఆర్సెనల్ వదిలి బార్సెలోనాకి వెళ్లాడు. ఆ సీజన్‌లో ఆ జట్టు మూడు పెద్ద కప్పులు గెలిచింది. ఇతనికి మాత్రం రోమ్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆడే అవకాశం రాలేదు. ఆ తర్వాత స్టుట్‌గార్ట్, బర్మింగ్‌హామ్, వోల్ఫ్స్‌బర్గ్‌లకు అరువు మీద తిరిగాడు. ఆర్సెనల్ వదలడం తప్పేనని తర్వాత తనే ఒప్పుకున్నాడు. పెద్ద పేరు కోసం ఉన్నచోటు వదిలితే ఇంతే అని మావాడికి చెప్పబోయాను. ఇన్నేళ్లూ అందరికీ చెప్పింది అదే.

చెప్పలేకపోయాను. ఆ తర్వాతి కథ అడ్డొచ్చింది. 2012లో హ్లెబ్ బోరిసోవ్ పట్టణపు బాటే జట్టుకి తిరిగొచ్చాడు. కార్లకూ ట్రాక్టర్లకూ విద్యుత్ పరికరాలు చేసే అక్కడి ఫ్యాక్టరీ పేరే ఆ జట్టు పేరు. 1999లో, పద్దెనిమిదేళ్ల వయసులో, అతను బెలారస్ లీగ్ గెలిచింది ఆ జట్టుతోనే. 2012లో తిరిగొచ్చాక టర్కీ వెళ్లాడు, రష్యా వెళ్లాడు, మళ్లీ మళ్లీ బాటేకే వచ్చాడు. చివరికి ఇస్లోచ్ అనే చిన్న క్లబ్‌కీ ఆడాడు. 2020లో, ముప్ఫై తొమ్మిదో ఏట బూట్లు విప్పాడు.

దీన్ని పతనం అని ఒకప్పుడు నేనే రాశాను. ఆ మాట తప్పు. పేరు కోసం ఆడేవాడైతే బార్సెలోనా తర్వాత ఆట మానేసేవాడు. ఇతనికి కాళ్ల దగ్గర బంతి కావాలి, అంతే. ఎవరి స్టేడియం అన్నది తర్వాతి సంగతి.

2012 అక్టోబర్ 2న మిన్స్క్‌లో హ్లెబ్ ఆడిన బాటే 3-1తో బేయర్న్ మ్యూనిక్‌ను ఓడించింది. ఆ సీజన్‌లో ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తింది బేయర్నే. గ్రూప్ దశలో వాళ్లు ఓడిన మ్యాచ్ అదొక్కటే.