తాడు పట్టుకున్నవాడిని చూడండి

2014 మే 25 ఉదయం ఎవరెస్టు ఎక్కిన ఇద్దరు గురుకుల విద్యార్థుల్లో ఒకడు మన భద్రాచలం ఏజెన్సీ కుర్రాడు, చర్ల మండలం కలివేరుకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. రెండో మనిషి నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. పేపర్లన్నీ ఆ వయసునే పట్టుకున్నాయి. నా కన్ను మాత్రం వాళ్లను తయారుచేసిన పనితనం మీద ఉంది.

గురుకులాల అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్.ప్రవీణ్‌కుమార్ ఈ పనిని తలకెత్తుకున్నారు. శిక్షణ బాధ్యత 2007లోనే ఎవరెస్టు ఎక్కి వచ్చిన శేఖర్‌బాబు బచినేపల్లిది. వంద మందికి పైగా పిల్లలతో భువనగిరి ఏకశిల మీద మొదలుపెట్టారు. ఈ చోటు ఎంపికే నాకు బాగా నచ్చింది.

బండ ఎక్కేచోట పైకి పోయేవాడిని కాదు, కింద తాడు పట్టుకున్నవాడిని చూడాలి. పైవాడు అడుగు వేసినకొద్దీ వదులైన తాడును ఇవతలికి లాక్కోవాలి. మరీ బిగిస్తే ఎక్కేవాడు కదల్లేడు, ఏమరితే కాలు జారినప్పుడు అంత దూరమూ పడతాడు. మొదలుపెట్టే ముందు ఇద్దరూ ఒకరి ముడి ఒకరు తడిమి చూసుకుంటారు. "ఎక్కనా?" అని ఒకరు అడగాలి. "ఎక్కు" అని రెండోవాడు అనేదాకా కాలు కదపకూడదు. వేరే జిల్లా నుంచి వచ్చి నిన్నటిదాకా ముఖమే తెలియని పిల్లకు మరో పిల్లవాడు ప్రాణం అప్పగిస్తున్నాడన్నమాట. నమ్మకం మీద ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఇంత పని జరగదు. చురుగ్గా ఎక్కేవాళ్లు చాలామందే దొరుకుతారు. పక్కవాడి బరువు మోయగలిగిన వాళ్లెవరో ఇక్కడే బయటపడుతుంది.

ఆ తర్వాత 20 మంది డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. వాళ్లలో వడపోతకు నిలిచినవాళ్లు నడి చలికాలంలో లద్దాఖ్ చేరారు. ఈ వరసలో ఆలోచన ఉంది. భువనగిరిలో భయం తేలుతుంది, డార్జిలింగ్‌లో మంచు మీద పనిముట్ల వాడకం వస్తుంది. లద్దాఖ్‌లో బయటపడేది స్వభావం. ఇరుకు గుడారంలో, మంచు కరిగించుకుంటే తప్ప నీళ్లు లేనిచోట, ముందు లేచి పొయ్యి వెలిగించేదెవరు, విసుక్కునేదెవరు, పక్కవాడి వేళ్లు తిమ్మిరెక్కాయేమో అడిగేదెవరు? చెమట తప్ప చలి ఎరగని గోదావరి తీరపు పిల్లవాడికి అది మామూలు పరీక్ష కాదు.

నేపాల్ వైపు నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు అనుమతి లేదు కాబట్టి టిబెట్ దారి పట్టారు. ఆ ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు చరియలు విరిగిపడి 16 మంది గైడ్లు చనిపోయారు. అలాంటి వార్తను పిల్లల దగ్గర దాచకూడదు, పెంచి చెప్పకూడదు. పైగా 8,000 మీటర్లు దాటాక ఎవరి బుర్రా సరిగ్గా పనిచేయదు. ఏ గంటకు వెనక్కి తిరగాలో కిందే తేల్చుకోవాలి.

పూర్ణ 2022 నాటికి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. కానీ భువనగిరి నుంచి ఎవరెస్టు దాకా ప్రతి మజిలీలో కొందరు పిల్లలు వెనక్కి వచ్చారు. ఇన్నాళ్లూ ఒకే తాడు పంచుకున్న పిల్లవాడిని కూర్చోబెట్టి, నీకెందుకు వీలుకాదో మనసు విరగకుండా చెప్పాలి. శిక్షకుడి కొలువులో అన్నిటికంటే కష్టమైన పని నా దృష్టిలో అదే.