వెదకు పరికరములు: వేగమా, విశ్వాసమా?

గ్రామముల జాబితాలున్న ఫైళ్లలో నిజామాబాదు జిల్లాలోని ‘ఏర్గట్ల’ పేరును వెదకవలెననుకొందము. కమాండు లైనుపై ఇందుకు రెండు పరికరములు ప్రసిద్ధములు: 1973 నాటి గ్రెప్, 2016 నాటి రిప్‌గ్రెప్.

రిప్‌గ్రెప్ మిక్కిలి వేగము గలది. కాని దాపు ఫైళ్లను, గిట్ విస్మరణ పట్టికలోని వానిని చెప్పనిదే చూడదు. గ్రెప్ లోపము వేరు. ఈ పేరులోని 7 సంకేతములు యుటిఎఫ్-8లో 21 బైట్లు, యుటిఎఫ్-16లో 14 బైట్లు. మొదటి రీతిలో అడిగిన పేరును రెండవ రీతి ఫైలులో గ్రెప్ పోల్చుకొనలేదు. ఫైలు మొదట గుర్తున్నచో రిప్‌గ్రెప్ పోల్చుకొనును.

కావున తెలుగు ఫైళ్లకు రిప్‌గ్రెప్పే మేలు. అయితే దాని వడపోతను ముందుగా ఆపవలెను. ‘దొరకలేదు’ అన్న మాటను ‘లేదు’ అని గ్రహించినచో, ఒక ఊరే జాబితానుండి జారిపోవును.