ముందు తీర్పు, తరువాత విచారణ

ప్రసార సాధనాల ప్రభావం అనగానే మనకు అబద్ధపు వార్తలు గుర్తుకు వస్తాయి. ఫలానా పత్రిక తప్పు రాసింది, ఫలానా ఛానెల్ లేనిది ఉన్నట్లు చూపింది అని ఫిర్యాదు చేస్తాం. ఆ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. కాని ఈ సాధనాల వల్ల కలిగే కీడంతా అబద్ధం వల్లనే కలుగుతుందనుకోవడం పొరపాటు. నిజంలోని ఒక ముక్కను ముందుగా చూపి, దానినే పదేపదే చూపి, తక్కిన ముక్కలు మనకు అందేలోగా మన నోటనే తీర్పు చెప్పించడం వాటికి బాగా తెలిసిన విద్య. తీర్పు చెప్పింది మనమే కాబట్టి అది మన సొంత అభిప్రాయమేనని నమ్ముతాం. ఆ విద్య ఎలా పనిచేస్తుందో మన నగరం ఎరిగిన ఒక ఉదంతాన్ని తీసుకుని పరిశీలిద్దాం.

ఒకే పేరు, రెండు ముఖాలు

సైబరాబాద్ అనే పేరు వినగానే కళ్ల ముందు నిలిచేవి మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల అద్దాల మేడలు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చారు. ఆ గుండ్రని భవనం బొమ్మ అప్పటి నుంచి పత్రికల్లో, టీవీల్లో, సినిమాల్లో ఎన్నిసార్లు కనిపించిందో లెక్క లేదు. 'ఆబాద్' అనే ఫార్సీ మాటకు 'సైబర్' అనే ఇంగ్లీషు ముక్కను అతికించి, నాలుగు వందల ఏళ్ల హైదరాబాదు పక్కన ఒక కొత్త నగరాన్ని మన ఊహల్లో నిలబెట్టారు.

అదే పేరుతో ఒక పోలీసు కమిషనరేట్ కూడా ఉంది. 2019 నాటికి దాని పరిధి అద్దాల మేడలతో ఆగక, శంషాబాద్ మీదుగా షాద్‌నగర్ వరకు వ్యాపించి ఉండేది. ఆ ఏడాది చివర దేశమంతటా సైబరాబాద్ పేరు మారుమోగింది సాఫ్ట్‌వేర్ వల్ల కాదు, ఆ పోలీసుల వల్ల.

తొమ్మిది రోజులు

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ సమీపంలో ఒక యువ పశువైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైంది. ఆమె మృతదేహాన్ని షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద తగులబెట్టారు. 29వ తేదీన నలుగురిని అరెస్టు చేశారు. మరునాడు ఆ నలుగురినీ తమకు అప్పగించమంటూ షాద్‌నగర్ పోలీసు స్టేషను ముందు జనం గుమిగూడారు. డిసెంబరు 2న రాజ్యసభలోనే ఒక సభ్యురాలు ఇలాంటివారిని జనం మధ్యకు తెచ్చి కొట్టి చంపాలన్నారు. డిసెంబరు 6 తెల్లవారుజామున, విచారణ కోసం సంఘటన స్థలానికి తీసుకువెళ్లినప్పుడు నలుగురూ పోలీసు కాల్పుల్లో మరణించారు. ప్రజలు పోలీసుల మీద పూలరేకులు చల్లారు, మిఠాయిలు పంచుకున్నారు.

ఆ తొమ్మిది రోజులూ తెర ఎలా నడిచిందో గుర్తు చేసుకోండి. కాలిన శవం, కంటతడి, కోపంతో ఊగే గుంపు, 'ఎప్పుడు శిక్షిస్తారు?' అన్న ప్రశ్న. మళ్లీ మొదటి నుంచి అవే దృశ్యాలు. ఎవరు నిజంగా దోషులు, ఏ సాక్ష్యం ఉంది, న్యాయస్థానం ఏమంటుంది అనే ప్రశ్నలకు ఆ వరుసలో చోటే లేదు. దుఃఖం న్యాయమైనదే, కోపమూ న్యాయమైనదే. కాని ఆ న్యాయమైన కోపాన్ని గంటగంటకూ రాజేసి, చివరకు మరణవార్తను ఉపశమనంలా అందించారు.

ఈ మాటలు రాస్తున్న నేను కూడా దీనికి అతీతుణ్ణి కాను. ఆ ఉదయం వార్త విన్నప్పుడు ఒక క్షణం ఊరట చెందినవాణ్ణే. న్యాయస్థానం మెట్లు ఎక్కని మనుషుల చావు నాకెందుకు ఊరటనిచ్చిందని ప్రశ్నించుకోవడానికి చాలా కాలం పట్టింది.

సుప్రీంకోర్టు డిసెంబరు 12న జస్టిస్ సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్‌ను నియమించింది. ఆ నివేదిక 2022 మేలో బయటకు వచ్చింది. నిందితులపై కాల్పులు వారిని చంపాలనే ఉద్దేశంతో జరిగినవని, మరణించిన నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లని కమిషన్ అభిప్రాయపడింది. పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని సిఫారసు చేసింది. సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. 2019లో పూలు చల్లిన దృశ్యం అందరికీ జ్ఞాపకం ఉంది. 2022 నాటి నివేదిక ఎంతమందికి జ్ఞాపకం ఉంది? తెర మనకు కోపాన్ని తొమ్మిది రోజులు చూపింది, పశ్చాత్తాపానికి తొమ్మిది నిమిషాలైనా కేటాయించలేదు.

నాలుగు పేర్లలో ఒక పేరు

అరెస్టయిన నలుగురిలో ఒకరిది ముస్లిం పేరు. తక్కిన ముగ్గురివీ హిందువుల పేర్లు. అయినా ఆ మొదటి రోజుల్లో సామాజిక మాధ్యమాల్లో లెక్కలేనన్ని చోట్ల ఆ ఒక్క పేరే తిరిగింది, ఈ నేరానికి ఒక మతపు రంగు పూయబడింది. నలుగురి పేర్లూ పోలీసులు వెల్లడించిన తరువాత కూడా అది ఆగలేదు. ఇక్కడ పచ్చి అబద్ధం ఏదీ లేదు, ఆ పేరు నిజమే. దాచినది మిగిలిన మూడింటిని.

అమెరికా పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 1922లో ప్రజాభిప్రాయంపై రాసిన గ్రంథంలో, మనిషి ప్రపంచాన్ని చూసి ప్రవర్తించడు, తన తలలో ఉన్న ప్రపంచపు బొమ్మను బట్టి ప్రవర్తిస్తాడని వివరించాడు. ఆ బొమ్మ ముందే సిద్ధంగా ఉంటే, కొత్త వార్తలో దానికి సరిపోయే ముక్క మాత్రమే కంటికి ఆనుతుంది. ముస్లింల విషయంలో అలాంటి బొమ్మ ఎలా తయారవుతుందో ఎడ్వర్డ్ సయీద్ 1981లో 'కవరింగ్ ఇస్లాం' అనే పుస్తకంలో పరిశీలించాడు. ఆయన క్రైస్తవ కుటుంబంలో పుట్టిన పాలస్తీనీయుడు. కనుక ఇది ముస్లింల స్వోత్కర్ష మాత్రమేనని కొట్టివేయడానికి వీలు లేదు.

మన నగరానికి ఈ అనుభవం కొత్త కాదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు మరణించారు. చనిపోయినవారు నమాజుకు వచ్చినవారు, అనుమానితులుగా పట్టుబడినవారూ పాతబస్తీ ముస్లిం యువకులే. తరువాత వారు నిర్దోషులుగా విడుదలయ్యారు. 2012లో ప్రభుత్వం వారికి పరిహారం కూడా చెల్లించింది, 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది. 2020 వసంతంలో కరోనా వ్యాప్తిని తబ్లీగీ జమాఅత్‌కు అంటగట్టినప్పుడు కూడా ఇదే జరిగింది. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లు కనిపిస్తున్నదని అభిప్రాయపడింది. ప్రతిసారీ ఆరోపణ మొదటి పేజీలో వచ్చింది, విముక్తి లోపలి పేజీలకు పరిమితమైంది.

మనల్ని మనం చూసుకునే కన్ను

ఇతరుల అభిప్రాయం మారడం కంటె ప్రమాదకరమైనది మరొకటి ఉంది. అది మన ఆత్మగౌరవానికి సంబంధించినది.

ఫలక్‌నుమా వైపు నుంచి రాయదుర్గంలోని ఆఫీసుకు వెళ్లే యువకుడొకడు ఒకసారి నాతో తన గోడు చెప్పుకున్నాడు. 2019 డిసెంబరులో ఆ వారమంతా ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరూ అతణ్ణి ఒక్క మాట అనలేదట. కాని ఆ పేరు టీవీలో వచ్చిన ప్రతిసారీ అందరూ తన వైపే చూస్తున్నట్లు అనిపించేదట. అందుకని ఉరి తీయాలి, కాల్చిపారేయాలి అని అందరికంటె గట్టిగా తానే అన్నాడట. "ఆ మాటను నేను నమ్మి అన్నానో, భయపడి అన్నానో నాకే తెలియదండీ" అని తల వంచుకున్నాడు. అతని గురించి ఎవరూ అబద్ధం రాయలేదు. అయినా అతడు తనను తాను ఇతరుల కన్నుతో చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఇలాంటి చూపు వినోదం రూపంలో కూడా వస్తుంది. 2000 దశకం మధ్యలో వచ్చిన 'ది అంగ్రేజ్' అనే దక్కనీ హాస్య చిత్రాన్ని మనలో చూడనివారు అరుదు. విదేశాల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిన యువకులు ఒక వైపు, చార్మినార్ దగ్గర పని లేకుండా కబుర్లు చెప్పుకునే ఇస్మాయిల్ భాయ్ ముఠా మరో వైపు. మన యాసను పెద్ద తెర మీద విన్నందుకు కడుపుబ్బ నవ్వాం. ఆ నవ్వులో మన భాష మీద ప్రేమ ఉన్నది, అది తప్పు కాదు. హాస్యాన్ని ఇస్లాం నిషేధించలేదు. కాని ఆ చిత్రం తరువాత అదే అచ్చులో ఎన్ని వచ్చాయి! పాతబస్తీ మనిషి అంటే గొప్పలు చెప్పే సోమరి అన్న బొమ్మను మనమే డబ్బు పెట్టి కొని, మన పిల్లలకు చూపాం. వారిలో ఎందరో ఉదయాన్నే బస్సెక్కి హైటెక్ సిటీలో కోడ్ రాస్తూ, లెక్కలు చూస్తూ, కాపలా కాస్తూ, క్యాబులు నడుపుతూ బతుకుతున్నారు. ఆ నగరం వారి చెమట మీద కూడా నిలిచి ఉన్నదన్న సంగతి తెర మీద ఎక్కడా కనబడదు.

దీనికి విరుగుడుగా మనం చేస్తున్నదేమిటి? మన ఫోన్లలోని గ్రూపుల్లో రాత్రింబవళ్లు ఏదో ఒక రాష్ట్రంలో ముస్లింపై జరిగిన దాడి దృశ్యాలు పంచుకుంటున్నాం. వాటిలో నిజమైనవీ ఉన్నాయి, పాతవీ ఉన్నాయి, మరో దేశానివీ ఉన్నాయి. టెలివిజన్ ఎక్కువగా చూసేవారికి లోకం ఉన్నదానికంటె భయంకరంగా కనిపిస్తుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జార్జ్ గెర్బ్‌నర్ ఏళ్ల తరబడి పరిశోధించి చెప్పాడు. ఫేస్‌బుక్ సంస్థ 2012 జనవరిలో వారం రోజులపాటు 6,89,003 మంది వినియోగదారులకు కనిపించే రాతలను వారికి చెప్పకుండానే మార్చి చూసింది. సంతోషపు రాతలు తగ్గించినప్పుడు వారి సొంత రాతల్లో కూడా, స్వల్పంగానే అయినా, విచారం పెరిగిందని 2014లో ప్రకటించిన అధ్యయనం తెలిపింది. ఆ సంస్థ 2010లో మన దేశంలో తన తొలి కార్యాలయాన్ని తెరిచింది మన హైదరాబాదులోనే. పగవాడి ఛానెల్ మనలను భయపెడితే నింద వాడిది. మన గ్రూపే మనలను భయపెడితే నింద ఎవరిది?

ముహద్దిసుల గీటురాయి

దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా ఆరవ ఆయత్ వార్తను పరిశీలించమని ఆదేశించి, దానికి కారణం కూడా చెప్పింది. తెలియక ఒక జాతికి కీడు చేసి, ఆ తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందన్నదే ఆ హెచ్చరిక. హజ్రత్ ఆయిషా (ర.అన్హా)పై నింద వేసిన ఉదంతం మనకు తెలిసినదే. ఆ నిందను పుట్టించినవారు కపట విశ్వాసులు. కాని దాదాపు నెల రోజులు మదీనాలో దాన్ని మోసినవారిలో నిష్కపటులైన ముస్లింలు కూడా కొందరున్నారు. దాన్ని ఆ నోటా ఈ నోటా చేరవేసినందుకు నూర్ సూరాలో వారిని మందలించడం జరిగింది.

ఈ శిక్షణ నుంచే ముహద్దిసుల విద్య పుట్టింది. ఒక ఉల్లేఖనం వినగానే వారు దాని భావం ఎంత బాగుందని చూడలేదు. ఎవరు చెప్పారు, ఆయన ఎవరి వద్ద విన్నారు, ఇద్దరూ నిజంగా కలుసుకున్నారా, ఆయన జ్ఞాపకశక్తి ఎలాంటిది, సత్యసంధత ఎలాంటిది అని అడిగారు. గొలుసులో ఒక కడియ తెగినా దాన్ని బలహీనమైనదిగా గుర్తించారు. తమకు నచ్చిన భావం ఉన్నదన్న కారణంతో దాన్ని వదలిపెట్టలేదు.

వారు 'ముతవాతిర్' అన్న మాటను మరింత జాగ్రత్తగా వాడారు. వేర్వేరు మార్గాల్లో, ప్రతి తరంలో అనేకమంది స్వతంత్రంగా చెప్పినదే ముతవాతిర్. మన ఫోనులో 'అనేకసార్లు పంపబడినది' అన్న గుర్తుతో వచ్చే సందేశం చూడటానికి ముతవాతిర్‌లా ఉంటుంది. వాస్తవానికి దాని వెనుక ఉన్నది ఒకే ఒక అజ్ఞాత వ్యక్తి. ఇరవై ఛానెళ్లు ఒకే దృశ్యాన్ని చూపినా సాక్షి ఒక్కడే. వేయి నోళ్లు పలికినా అది వేయి సాక్ష్యాలు కాదు. ఈ తేడాను ప్రపంచానికి నేర్పిన సముదాయం తానే దాన్ని మరచిపోవడం విచారకరం.

న్యాయం పలకవలసివస్తే అది మనకే వ్యతిరేకమైనా పలకాలని, ఒక జాతి మీది ద్వేషం న్యాయం తప్పేలా చేయరాదని ఖుర్ఆన్ బోధిస్తున్నది. కనుక నిందితుల్లో మన పేరు ఉన్నప్పుడు సిగ్గుపడి గట్టిగా అరవడమూ, మన పేరు లేనప్పుడు మనకెందుకని మౌనం వహించడమూ రెండూ తగవు. చటాన్‌పల్లి దగ్గర చనిపోయిన నలుగురి విషయంలోనూ, అంతకు ముందు అక్కడే దగ్ధమైన ఆ అమ్మాయి విషయంలోనూ మనం అడగవలసినది ఒకే న్యాయం.

ఆ యువకుడు మళ్లీ కలిసినప్పుడు, ఇంకోసారి అలాంటి వారం వస్తే ఏం చేస్తావని అడిగాను. కొంతసేపు ఆలోచించి, "నాకు ఇంకా తెలియదు అని చెబుతాను" అన్నాడు. క్యాంటీన్‌లో అందరి మధ్య ఆ మాట అనడం తేలిక కాదు. కాని విచారణ మొదలయ్యేది ఆ మాటతోనే.