ఎకరాలూ, గ్యాలన్లూ, మనుషులూ: తాటిపూడి నీటి చరిత్రపై కొన్ని ప్రశ్నలు

తాటిపూడి జలాశయం చరిత్రను సాధారణంగా రెండు ముక్కల్లో ముగించేస్తారు. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో గోస్తనీ నది మీద 1963-68 మధ్య కట్టారు. 15,378 ఎకరాల ఆయకట్టుకు సాగునీరు, విశాఖపట్నానికి తాగునీరు ఇవ్వడం దాని లక్ష్యం. రెండూ నిజాలే. మా పేచీ ఆ నిజాలతో కాదు, ఆ కొలతలతో.

ఆయకట్టు అనేది భూమి కొలత. భూమి ఉన్నవాడే అందులో లెక్కకొస్తాడు. ఆ మడిలో ఊడ్చి, కలుపు తీసి, కోత కోసే దళిత కూలీకి సెంటు భూమి లేకపోతే ఆ 15,378లో ఆమె ఎక్కడుంది? పోనీ తాగునీటి లెక్కలో ఉందా అంటే, అది పట్నం పద్దు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా దిగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది ఇది. దాని నీరు గొట్టాల్లో పడి విశాఖకు పోతోంది. పట్నానికి ఎన్ని గ్యాలన్లు చేరాయో రాస్తారు. దారిలోని పేటల దప్పిక ఏ పద్దులోనూ రాయరు.

దీన్ని విమర్శించేవాళ్లు కూడా 'మన జిల్లా నీరు విశాఖ తాగేస్తోంది' అంటారు. జలాశయం కట్టేనాటికి విజయనగరం జిల్లాయే లేదు. అది 1979లో ఏర్పడింది. నదీ పట్నమూ ఒకే జిల్లాలో ఉన్నప్పుడు కూలీకి నీటిమీద హక్కు ఉందా? జిల్లా పేరుతో చేసే వాదన ఊళ్లోని కులాన్ని దాచిపెడుతోంది.

కుళాయికి కులం లేదని చదువుకున్నవాళ్లు అంటారు. 1927లో మహద్ చవదార్ చెరువు దగ్గర, 1985లో కారంచేడు మంచినీళ్ల చెరువు దగ్గర కులం కళ్లకు కనిపించింది. గొట్టంలో కనిపించదు. అంతమాత్రాన పోయినట్టా?

పోలేదని లక్ష్మీపేట చెప్పింది. వంగర మండలంలోని ఆ ఊరు అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది. మడ్డువలస జలాశయం కోసం ప్రభుత్వం సేకరించిన భూమిలో మునగకుండా మిగిలిన దాన్ని దళితులు దున్నుకున్నారు. 2012 జూన్ 12న వాళ్లమీద దాడి జరిగింది. ఐదుగురు దళితులు హతులయ్యారు. దాడికి వచ్చినవాళ్లు ఆ భూములు గతంలో తమవేనన్న తూర్పు కాపులు. నీటి లెక్కలో చోటులేని మనిషి భూమి లెక్కలోకి రాబోతే ఇదీ జరిగింది.

అందుకే నీటి చరిత్రను కుళాయి దగ్గర మొదలెట్టకూడదు, జలాశయం దగ్గర మొదలెట్టాలి అంటున్నాం. మట్టితట్టలు మోసిందెవరు? పరిహారం పట్టా ఉన్నవాడికి దక్కిందా, దున్నినవాడికి దక్కిందా? గొట్టం పోయే దారిలో ఏ పేటకు నీరు అందుతోంది? విద్యార్థులు, ఉపాధ్యాయులు పేటపేటకూ వెళ్లి అడగాలి, ముసలివాళ్లు చెప్పింది రాసుకోవాలి. ఆ రాతల్లేని తాటిపూడి చరిత్ర గుత్తేదారు బిల్లుకు మించింది కాదు.